పలాసా, కలశమా

మా ఉద్దానం ఊళ్లో అమ్మవారు పలికేది మా తాత నోటితో. ఆయన నానమ్మకు సొంత తమ్ముడు, అమ్మవారి దాసుడు. దేవతకు ఇంతకన్నా మంచి నోరు దొరకలేదా అని నాకెప్పుడూ అనుమానమే. కిందటేడు పరాయి తోటలో, అదీ తాగి, జీడిపిక్కలు దొంగిలిస్తూ కొమ్మ మీంచి పడి ముందు పళ్లు నాలుగూ పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి ‘క’ అనబోతే పెదవులు అతుక్కుని ‘ప’ ఊడిపడేది. కాఫీ పాఫీ అయింది. కాశీబుగ్గ పసిబుగ్గ అయింది.

నానమ్మకు కిడ్నీలు పోయాయి. మా వైపు ఈ మాటకు ఎవరూ ఉలిక్కిపడరు. ఎప్పట్నుంచి అని అడుగుతారు, అంతే. పలాస వెళ్లి డయాలసిస్ చేయించకపోతే బతకదన్నాడు డాక్టరు.

“ఆ మిషను రగతం తాగెత్తాది. నానెల్లను” అంది నానమ్మ.

కాళ్లు ఉబ్బాయి. మాట మధ్యలో ఎటో జారిపోయేది. ఆవిడ వినేది అమ్మవారి మాటొక్కటే. అందుకని తాతను బతిమాలాను.

“పండగనాడు పూనకంలో ‘పలాసెల్లు’ అని ఒక్క ముక్క అనెయ్ తాతా.”

తాత నన్ను అసహ్యంగా చూశాడు. “జీడిపిప్పలైతే దొంగిలిత్తాను. అమ్మోరి మాట దొంగిలించమంతావేట్రా?”

దొంగలకూ నియమాలుంటాయని అప్పుడే తెలిసింది.

పండగనాడు పొద్దు వాలుతోంది. సాంబ్రాణి పొగ, జీడిపూత వాసన, డప్పులు, తోటల అవతల సముద్రపు హోరు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి ఊరంతా నేలకు జానెడు ఎత్తున తేలుతున్నట్టుంది. పొద్దున్నుంచి తిండి లేకపోవడం వల్ల కూడా కావచ్చు. తాత ఊగి ఊగి వచ్చి నానమ్మ ముందు ఆగాడు.

“పలశా! పలశా!”

పూజసామాన్లు అందించే ఆయనకు ఆ నోరు అలవాటే. కలశం పట్టుకొచ్చాడు. నానమ్మ మాత్రం చేతులు జోడించింది.

“పలాసా తల్లీ? సరే, ఎల్తాను.”

నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన దైవకార్యం అదొక్కటే.

పలాస వెళ్లిన మొదటిరోజు మంచులో ఆటో మబ్బులో పోతున్నట్టే పోయింది. ఆసుపత్రిలో నానమ్మ పక్కన తాత స్టూలు మీద కూర్చున్నాడు. తాగలేదు, పైగా స్నానం చేశాడు. గుర్తుపట్టడానికి కొంచెం కష్టమైంది. గొట్టంలో ఎర్రగా, నెమ్మదిగా ఏదో కదులుతోంది. మిషను జోలపాటలా గొణుగుతోంది.

“అప్పా, ఓ నిజం సెప్పాల. ఆరోజు అమ్మోరు అడిగింది పలాస గాదు. పలశం.”

“అదేరా, పలాసే. వచ్చీసినాం గదా. ఊరుకో” అంది నానమ్మ, కళ్లు తెరవకుండానే.

తాత ఊపిరి గట్టిగా పీల్చుకున్నాడు. “పలాస గాదప్పా! ప... ప... పలశం!”

“అవున్రా” అంటూనే నానమ్మ నిద్రపోయింది. చాలా రోజుల తర్వాత మామూలు నిద్ర.

సాయం చెయ్యమన్నట్టు తాత నా వైపు చూశాడు. నా పళ్లన్నీ గట్టిగానే ఉన్నాయి. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.