మావయ్య, మస్తాన్, ఒక జాజ్ రికార్డు

మావయ్య పోయిన కబురు కూడా నాకన్నా ముందు మస్తాన్‌కే తెలిసింది. గత నెల ఒక మంగళవారం పొద్దున, తెనాలిలో నేను బడికి బయలుదేరుతుంటే అతనే ఫోన్ చేశాడు. "అక్కా, బాబాయ్ గారు వెళ్లిపోయారండి. టిఫిన్ తిని కుర్చీలో కూర్చున్నారంట. పిన్ని గారు పిలిస్తే పలకలేదంట," అన్నాడు. ఏడుపుకన్నా ముందు నాకొచ్చిన ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది. అత్తయ్య నాకు చెయ్యకుండా ముందు ఇతనికెందుకు చేసింది?

మావయ్యది రేపల్లె. నలభై ఏళ్లు అక్కడే రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేశారు. కుర్రతనంలో మద్రాసులో పని నేర్చుకుంటున్నప్పుడు, పాత సామాన్ల బజారులో ఒక జాజ్ రికార్డు కొన్నారు. జాజ్ అంటే ఏమిటో అప్పటికి ఆయనకు తెలియదు. అట్ట మీద శాక్సాఫోన్ పట్టుకున్న మనిషి చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడని కొన్నారట.

నేను ఆ రికార్డుతోనే పెరిగాను. సెలవులకు రేపల్లె వెళ్తే, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన పాత పంచె గుడ్డతో దాన్ని తుడిచి పెట్టేవారు. "మాట్లాడకుండా విను. తర్వాత ఏం వినపడిందో చెప్పు. బాగుందని మాత్రం చెప్పకు, అది ఎవరైనా చెప్తారు," అనేవారు. పియానో ఆయన తొందరపడ్డాడనో, డ్రమ్ములాయన ఎవరి మీదో అలిగాడనో నేను చెప్పేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు. సూది వెనక్కి పెట్టి, ఆ చోటు మళ్లీ వినేవారు. పదేళ్ల పిల్ల మాటకు అంత విలువిచ్చిన పెద్దవాళ్లు నాకు ఇంకెవరూ దొరకలేదు.

అలాంటి చోటికి మస్తాన్ వచ్చాడు. బాపట్లలో పెళ్లి బ్యాండులో శాక్సాఫోన్ వాయిస్తాడు. ఐదారేళ్ల క్రితం ఆంప్లిఫయర్ బాగుచేయించుకోవడానికి వచ్చి, ఆ రికార్డు విని, ఇక ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టాడు. రికార్డుతో పాటు వాయించాలని అతని ఆశ. ఎంత ప్రయత్నించినా కలిసేది కాదు. "నీ శ్రుతి కలవడం లేదురా, చెవి పెట్టు," అని మావయ్య విసుక్కునేవారు. నిజం చెప్తున్నాను, నేను వెళ్లిన ఆదివారాల్లో అతను తప్పిన ప్రతిసారీ నాకు లోపల హాయిగా ఉండేది.

కిందటేడు ఆ రికార్డును, మొదట పాట పట్టిన అసలు టేపుల నుంచి శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారని తెలిసి తెప్పించాను. ఒక ఆదివారం రైల్లో ఒళ్లో పెట్టుకుని రేపల్లె తీసుకెళ్లాను. మస్తాన్ అప్పటికే వచ్చి ఉన్నాడు. ముగ్గురం ముందు పాతది, తర్వాత కొత్తది విన్నాం. కొత్తది మళ్లీ మొదలుపెట్టగానే మస్తాన్ శాక్సాఫోన్ తీసి దానితో పాటు ఊదాడు. అచ్చంగా అతికింది.

"బాబాయ్ గారూ, పాతది కొంచెం పైకి ఉందండి. నా శ్రుతి సరిగానే ఉంది," అన్నాడు మెల్లగా.

మావయ్య ప్లేయర్ పళ్లెం అంచున సుద్దతో గీత పెట్టి, గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టారు. సరిగ్గానే తిరుగుతోంది. అంటే పాత రికార్డు తయారైనప్పుడే పాట వేగం పెరిగి, శ్రుతి పైకి పోయింది. ఆయన లేచి మస్తాన్ భుజం మీద చెయ్యి వేశారు. "ఇన్నేళ్లూ నిన్ను తప్పుపట్టాను. తప్పు నాదిరా," అన్నారు.

రికార్డు తెచ్చింది నేను. ఆ చెయ్యి పడింది అతని భుజం మీద.

"కొత్తది సబ్బు పెట్టి ఉతికినట్టుంది మావయ్యా," అన్నాను. "పాతదాంట్లో అందరూ ఒకే గదిలో ఉన్నట్టుండేది. దీంట్లో ఒక్కొక్కళ్లు ఒక్కో గదిలో కూర్చుని వాయించినట్టుంది."

"కానీ అక్కా, బేసు ఆయన వేలు తీగ మీద జారడం కూడా వినపడుతోందండి. పాతదాంట్లో అదేదీ?"

"వేలు వినపడితే పాట బాగున్నట్టా?"

మావయ్య నా వైపు చూశారు. "నువ్వు చెప్పేది రికార్డు గురించేనా అమ్మాయ్?" అన్నారు. మొహం మండిపోయింది. అత్తయ్య ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా సాయంత్రం రైలెక్కేశాను.

తర్వాత రేపల్లె వెళ్లలేదు. ఆయనే ఆదివారాలు ఫోన్ చేసేవారు. చేసినప్పుడల్లా కొత్తదాన్నే వెనకేసుకొచ్చేవారు. వేలు జారడం విను, శాక్సాఫోన్ ఆయన ఊపిరి తీసుకోవడం విను అనేవారు. నేను గట్టిగా వాదించి ఫోన్ పెట్టేసేదాన్ని. నోరు మావయ్యది, మాట మస్తాన్‌ది అని కుతకుతలాడేదాన్ని. ఆ ఉడుకుమోత్తనంతోనే ఆయన్ని బతికుండగా మళ్లీ చూడకుండా పోగొట్టుకున్నాను.

పదకొండో రోజు భోజనాలయ్యాక మస్తాన్ వసారాలో ఒక్కడే కూర్చున్నాడు. ఉండబట్టలేక అడిగాను. "కొత్తదే గొప్పదని మీరిద్దరూ తేల్చేసుకున్నారా?"

అతను తెల్లబోయి చూశాడు. "లేదండి అక్కా. నాతో ఎప్పుడూ పాతదే గొప్పదని వాదించేవారు. పాతదాంట్లో అందరూ ఒకే గదిలో ఉన్నట్టుంటుంది, కొత్తది ఉతికినట్టుంది అనేవారు. 'పోనీలెండి బాబాయ్ గారూ, మీరన్నట్టే' అని నేనంటే ఊరుకునేవారు కాదు. 'అమ్మాయి ఊరికే అనదురా, సరిగ్గా విని జవాబు చెప్పు' అనేవారండి."

నేను అలిగి వెళ్లని ఆదివారాలన్నీ నా మాట ఆ గదిలోనే ఉంది. అతని మాట ఫోన్లో నా దగ్గరికి వస్తూనే ఉంది. ఇంతకీ మావయ్యకు ఏది నచ్చిందో ఇద్దరికీ తెలియదు. ఇక తెలిసే దారీ లేదు.

ఆ సాయంత్రం మస్తాన్‌కు దగ్గర్లోనే నగరం అనే ఊళ్లో పెళ్లి ఉంది. అత్తయ్యకు చెప్పి, బ్యాండు వాళ్ల ఎర్ర కోటు తొడుక్కుని, శాక్సాఫోన్ పెట్టె స్కూటర్ ముందు పెట్టుకున్నాడు. నా కుళ్లు పోయిందని అబద్ధం చెప్పను. లోపల ఉన్న దుఃఖమంతా అతను కాసేపట్లో ఊదేస్తాడు. అది ఎవరికోసమో పెళ్లివారికి తెలియకపోయినా పర్వాలేదు. నేను ఖాళీ చేతులతో గేటు దగ్గర నిలబడ్డాను. కాలవ గట్టు మీద అతని కోటు వీపున గాలికి ఉబ్బి, మలుపు తిరిగేదాకా ఎర్రగా కనిపిస్తూనే ఉంది.