నానమ్మ గొంతున్న కంప్యూటర్

ఇప్పటికీ ఎక్కడైనా బంతిపూల వాసనా మిషను ఆయిల్ వాసనా కలిసి తగిలితే, బీరంగూడలోని మా రెండు గదుల ఇల్లు, పొద్దుగూకితే పటాన్‌చెరు దిక్కునుంచి వచ్చే మందుల కంపెనీల ఘాటుకు అమ్మ గబగబా మూసే కిటికీ, దాని కింద బల్ల మీద నాన్న కొన్న పాత కంప్యూటర్ గుర్తొస్తాయి. నాన్న లేత్ మిషను మీద పనిచేసేవాడు. నేను కంప్యూటర్ నేర్చుకుని నీడపట్టున బతకాలని ఆయన ఆశ.

దాన్ని ముందుగా మచ్చిక చేసుకున్నది మాత్రం నానమ్మే. సద్దుల బతుకమ్మ నాడు, నువ్వుల సద్ది కలిపిన చేత్తోనే మైకు పట్టుకుని, ఊపిరి కోసం మధ్యమధ్య ఆగుతూ పాట పాడింది. నాన్న రికార్డు చేశాడు. తన గొంతు తనకే వినిపిస్తే "ఈ ముసల్ది ఎవలురా, మస్తు పాడుతుంది" అని పడీపడీ నవ్వింది. ఎండాకాలంలో నానమ్మ పోయింది. అప్పటినుంచి డ్యూటీ దిగి వచ్చిన నాన్న, చాయ్ అయినా తాగకుండా ముందు ఆ పాట పెట్టుకునేవాడు.

ఆ యేడు ఆయుధపూజకు, ఏ పనిముట్టూ దాని చోటు విడిచి ఉండకూడదనే ఫ్యాక్టరీ పట్టింపుతో, కంప్యూటర్ అమ్మినాయన ఇచ్చిన, విండోస్ ఎక్కించే సీడీని కూడా నాన్న కంప్యూటర్ అరలో పెట్టి, డబ్బాకు బొట్లు పెట్టి, దండ వేశాడు. మర్నాడు ఆన్ చేస్తే రోజూ వచ్చే బొమ్మ రాలేదు. నీలం తెర మీద ఇంగ్లిషులో ఏవేవో ప్రశ్నలు. ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అడిగినదానికల్లా నాన్న బుద్ధిగా ఎంటర్ నొక్కాడు. తెర మీద పచ్చటి గీత మెల్లగా నిండుతుంటే "నడుస్తుంది బిడ్డా, నడుస్తుంది" అని సంబరపడ్డాడు.

అంతా అయ్యాక చూస్తే పాట లేదు.

అమ్మినాయన వచ్చి తల పట్టుకున్నాడు.

"ఆన్ కాంగనే ఇది ముందుగాల సీడీ సూస్తదన్నా. సీడీ లేకుంటెనే లోపలి డిస్కుకు పోతది. నేనే గట్ల పెట్టిన. సీడీ తీసి మల్ల ఆన్ చేస్తె అయిపోతుండె. ఇప్పుడు పాతదంత తుడిసి కొత్తది ఎక్కింది."

"జెర సూడు తమ్మీ, మా అమ్మది అదొక్కటే ఉండె."

ఆయన సీడీ బయటికి తీసి నాన్న చేతిలో పెట్టాడు. ఎంత పెద్ద ఇనుమునైనా చెక్కి దారికి తెచ్చే నాన్న, ఆ చిన్న డబ్బా ముందు చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపాగలేదు.

నాన్న పనిచేసిన లేత్ షెడ్డు ఇప్పుడు లేదు, అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. కంప్యూటర్లకు సీడీ అరలే రావడం మానేశాయి. మొన్న బతుకమ్మకు అమ్మ ఆ పాటే ఎత్తుకుంది. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"నానమ్మ గిట్లనే పాడేదా నాన్నా?" అని అడిగాను.

పాట అయిపోయేదాకా విన్నాడు.

"ఏమో బిడ్డా, మా అమ్మ గొంతు యాదికి వస్తలేదు" అన్నాడు.