శోభ నోటుబుక్కు

కట్టంగూర్‌లో జాకెట్లు కుట్టే శోభ బాణామతి నేర్చిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉందట. అందులో ఎవరూ చదవలేని రాతలున్నాయట. ఏ రాతకు మనిషి నిద్రపోతాడో, దేనికి విషమెక్కుతుందో, దేనికి ఒక్క దెబ్బతో చస్తాడో పక్కనే తెలుగులో రాసిపెట్టుకుందట. పొరుగింటి సోమమ్మ కోడలు వారం రోజులు జ్వరంతో మంచం దిగకపోవడానికి కారణం అదేనట.

నోటుబుక్కు ఉన్నమాట నిజమే.

తెలంగాణ వచ్చిన ఏడు శోభ ఎనిమిదో తరగతిలో ఉంది. తల్లి అంతకు ముందే పోయింది. ఆ ఏడే తండ్రి ఐలేశం నార్కట్‌పల్లిలో పత్తి బోరాలు దించుతూ లారీ మీది నుంచి పడ్డాడు. నడుము మళ్లీ పనికి రాలేదు. శోభ బడి మానేసి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. బస్టాండు దాకా పోవాలన్నా దారిలో నలుగురు ఆపి ఎటు పోతున్నావని అడుగుతారు. తల వంచుకుని జవాబు చెబుతుంది.

మూడేళ్ల కింద, పాత సామాన్లు కొనే మేనమామ నర్సింహ హైదరాబాద్ నుంచి ఒక బూడిదరంగు డబ్బా తెచ్చాడు. టీవీకి తగిలించి ఆడుకునే వీడియోగేమ్. దానికి ఒక్కటే క్యాసెట్. ఆటలో రాతంతా జపాన్ భాష. పిల్లలెవరికైనా ఇమ్మన్నాడు. శోభ ఎవరికీ ఇవ్వలేదు.

ఆ ఆటలో ముగ్గురు మనుషులు కొండలూ అడవులూ దాటుకుంటూ నడిచిపోతుంటారు. ఏ ఊళ్లో ఏ ఇంటి తలుపైనా తోసుకుని లోపలికి పోవచ్చు. ఎవరి బిడ్డవని అడిగేవాళ్లు లేరు. దారిలో మృగాలు అడ్డం వస్తాయి. కొట్లాడిన ప్రతిసారీ ఎంతో కొంత బలం పెరుగుతుంది, పెరిగింది ఇక తగ్గదు. ఏళ్ల తరబడి మిషన్ తొక్కినా తనకు పెరిగిందేమిటో శోభకు ఎన్నడూ కనపడలేదు. ఇక్కడ బలం ఎంతో చూపే అంకె కళ్లముందే కదిలేది. మధ్యాహ్నం రెండింటికి తలుపు దగ్గరగా వేసుకుంటే నాలుగింటి దాకా ఆమె ఎవరికీ దొరికేది కాదు.

మృగాలను గెలవడానికి ఆటలో మంత్రాలుంటాయి, వాటి పేర్లు చదవరాకపోతే ఆట ముందుకు సాగదు. అందుకే ఒక్కో గుర్తునూ నొక్కి చూసేది. దాన్ని నోటుబుక్కులో దించుకుని, మృగం కాలితే పక్కన నిప్పు అని, కూలబడితే నిద్ర అని రాసుకునేది. మంచం మీది నుంచి చూసీ చూసీ ఐలేశానికి కూడా ఆ పిచ్చి పట్టింది. ఆమె ఆడుతుంటే ఆయన రాసేవాడు, ఆమె కుడుతుంటే ఆయన ఆడేవాడు. ఐదో తరగతితో ఆగిన చెయ్యి, అక్షరాలు పెద్దగా వంకరగా ఉండేవి. విషం, చావు ఉన్న పేజీ ఆయన రాసిందే.

సోమమ్మ కూతురు పూజ జాకెట్ కోసం వచ్చింది. శోభ లోపలికి పోయి తెచ్చేలోపు మిషన్ మీదున్న ఆ పేజీ చదివింది. డిగ్రీ చదివే పిల్ల. ఇదేమిటక్కా అని ఒక్క మాట అడగలేదు. ఫోన్‌లో ఫోటో తీసుకుని పోయింది. సాయంత్రానికి ఆ ఫోటో చూడనివాళ్లు లేరు. కుట్టడానికిచ్చిన గుడ్డలు కుట్టకుండానే వాపసు తీసుకుపోయారు.

మూడో రోజు పొద్దున సోమమ్మ పదిమందిని వెంటేసుకుని వాకిట్లోకి వచ్చింది. పెద్దమనిషి మారయ్య నోటుబుక్కు తెప్పించి, ఆ పేజీ తెరిచి, ఎవరు రాశారని అడిగాడు.

పదిమందిలో శోభకు ఎప్పుడూ గొంతు లేవదు. తండ్రి వైపు చూసింది. నేనే రాసిన, ఇది ఆట అని ఆయన ఒక్క మాటంటే చాలు. ఐలేశం గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

"చిన్నపిల్ల, తెల్వక రాసింది," అన్నాడు. "కాలవెట్టున్రి. మల్ల రాయది."

చిన్నపిల్లట. ఇరవై నాలుగేళ్ల మనిషి. ఇన్నేళ్లుగా ఆయన నోట్లోకి పోతున్న ముద్ద ఈ చిన్నపిల్ల తొక్కిన మిషన్‌దే. శోభకు ఒళ్లంతా మండింది. ఆ మంటకు గొంతు లేచింది.

"బాపూ, గా రాత ఎవలదో జర జూసి చెప్పు."

ఐలేశం మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నడుం ఇరిగి మూలకు వడ్డ మనిషి, ఆయినెకేం ఎరుక," అంది సోమమ్మ. "చేసిందంత చేసి బాపును గుంజుతున్నవా?"

మారయ్య వాకిట్లోనే అగ్గిపుల్ల గీశాడు. పేజీలు ఒక్కొక్కటే ముడుచుకుపోతుంటే శోభ మంటను చూడలేదు. చివరిదాకా తండ్రినే చూసింది.

సోమమ్మ కోడలికి దవాఖాన గోలీలతో జ్వరం తగ్గింది. బుక్కు కాలినందుకే తగ్గిందని, శోభ దగ్గర ఇక ఏమీ మిగల్లేదని ఊళ్లో అన్నారు. గుడ్డలు మళ్లీ తెచ్చి ఇస్తున్నారు. ఆమె కుడుతోంది. పూజ జాకెట్ కూడా కుట్టి, మొహం చూడకుండా చేతిలో పెట్టింది.

రెండింటికి ఐలేశం టీవీ ముందు కూర్చుంటాడు. ఒక గుహ దగ్గర ఆగిపోయాడు. ఏది నొక్కాలో తెలియక ముగ్గురినీ చంపుకుని మళ్లీ వెనక్కి వస్తుంటాడు.

"గిది నిప్పా, నిద్రనా బిడ్డా?" అని అడుగుతాడు.

శోభ మిషన్ ఆపదు.

"కాలవెట్టుమన్నవు గద," అంటుంది.

ఆ నోటుబుక్కులో నూట పన్నెండు గుర్తులుండేవి. శోభ ఒక్కటి కూడా మరిచిపోలేదు.