ఆరో పేరు

నేను బెంగళూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బేరింగుల మీద పరిశోధన చేసే రోజుల్లో, మా ల్యాబ్ టెక్నీషియన్ యలహంక నుంచి వచ్చేవాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. పరీక్షలు జరిపే యంత్రాన్ని అమర్చింది ఆయనే. అది ఊరికే అదురుతుంటే లోపమెక్కడుందో చెవి ఆనించి పట్టుకున్నదీ ఆయనే.

జర్నల్‌కు పంపిన పరిశోధన పేపర్ మీద మాత్రం ఐదు పేర్లు పడ్డాయి. మొదటిది ల్యాబ్ గడప తొక్కని హెడ్ గారిది. "మన టెక్నీషియన్ పేరు కూడా వేద్దాం సార్" అని నేనంటే, "టెక్నీషియన్లు రచయితలు కారయ్యా" అని నవ్వారు. నా పేరు రెండోది కాబట్టి నేనూ ఊరుకున్నాను.

అచ్చయిన కొన్నాళ్లకు, ఒక పట్టికలో అంకెలు పొసగడం లేదని ఎవరో జర్నల్‌కు రాశారు. హెడ్ గారు కంగారుపడి, "రీడింగులు తీసింది ఆ టెక్నీషియనే కదా? అదే రాసి పంపు" అన్నారు.

టెక్నీషియన్‌కు సంగతి చెబితే, ఆయన తన నూనె మరకల నోట్‌బుక్ తెరిచాడు.

"చూడప్పా, నేను రాసింది సరిగ్గానే ఉండాది. టైపు కొట్టేటప్పుడు నువ్వే రెండు వరసలు తారుమారు చేసినావు."

నిజమే. సిగ్గుపడ్డాను. తప్పు నాదేనని జర్నల్‌కు రాశాను. హెడ్ గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. సవరణ వేసేటప్పుడు మీ పేరు కూడా చేర్పిస్తానని టెక్నీషియన్‌తో చెప్పాను.

"వద్దప్పా" అన్నాడాయన. "ఐదు మందిలో తప్పెవరిదో తేలేదానికే ఇంత కష్టమాయె. పని తెలిసినోడు ఒకడన్నా బయట ఉండనీ."