అత్తమ్మ మంచం కింద ఛార్జర్

హనుమకొండ బజారులో మాది గాజుల దుకాణం. వెనక ఉన్న రెండు గదులే మా ఇల్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక, మా అత్తమ్మ మూడు నెలలు నడిగదిలో మంచం మీదే ఉంది.

మా ఆయనకు పాత మోటార్ సైకిల్ ఒకటి ఉంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి పని లేని రోజుల్లో అది కదలదు, బ్యాటరీ దిగిపోతుంది. అందుకని చిన్న ఛార్జర్ ఒకటి కొన్నాడు. బ్యాటరీ విప్పి తెచ్చి అత్తమ్మ మంచం కింద పెట్టేవాడు, సాకెట్ అక్కడే ఉంది కాబట్టి. పొద్దున పెట్టి ఆటోలో మార్కెట్‌కు పోతే, సాయంత్రం ఇల్లు చేరాకే తీసేవాడు.

"కుళ్లిన గుడ్ల వాసనొస్తాంది బిడ్డా" అని అత్తమ్మ రెండు రోజులు వరుసగా చెప్పింది. బయటి మోరీలో మురుగు వాసన అన్నాను. మంచాన పడ్డప్పటి నుంచి ఆమెకు ఏదో ఒక వాసన, ఏదో ఒక చప్పుడు. మా ఆయన వంగి చూడలేదు. నేనూ చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం పెళ్లి గాజుల కోసం పరకాల నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె చేతికి గాజులు ఎక్కిస్తున్నాను. లోపలి నుంచి అత్తమ్మ పిలిచింది.

"వస్తున్న అత్తమ్మా, జర ఆగు" అన్నాను.

మళ్లీ పిలిచింది. నేను పట్టుకున్న చెయ్యి వదలలేదు. తర్వాత దగ్గు వినబడింది, వెంటనే రబ్బరు కాలిన కమురు వాసన వచ్చింది.

లోపలికి ఉరికాను. గదంతా నల్లటి పొగ. మంచం మీంచి జారిన బొంత ఛార్జర్ మీద పడి అంటుకుంది. మంట పరుపు అంచుకు ఎక్కి అత్తమ్మ పాదాల దగ్గరికి వచ్చేసింది. చేతికందిన నీళ్ల బిందె ఎత్తాను.

"నీళ్లు పొయ్యకే! ముందుగాల మెయిన్ బంద్ జెయ్!" అని అరిచింది అత్తమ్మ.

కాళ్లు కాలుతున్న మనిషి ఆ మాట అంది. మెయిన్ స్విచ్ దుకాణంలో ఉంది. నేను అటు పరుగెత్తేసరికి ఆ ముగ్గురూ లోపలికి వచ్చి, దుప్పటి మూలలు పట్టి ఆమెను బయటికి లాక్కొచ్చారు. కరెంటు తీశాకే నీళ్లు పోశాం. మంట ఆరాక చూస్తే బ్యాటరీ ఒక పక్క ఉబ్బి పగిలి ఉంది; ఆ కుళ్లిన గుడ్ల వాసన దానిదే.

అత్తమ్మ రెండు పాదాలూ బొబ్బలెక్కాయి. మా ఆయన మార్కెట్ నుంచి నేరుగా దవాఖానకు వచ్చాడు. గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత నన్ను అడిగాడు, "అమ్మ పిల్వలేదా?" అని.

"నాకు ఇనవడలే" అన్నాను.

అత్తమ్మ మేలుకునే ఉంది. నేను బదులు పలికిన సంగతి ఆమెకు తెలుసు. నా ముఖం వంక ఒకసారి చూసి, "గాజుల చప్పుడుల యాడ ఇనవడ్తదిరా" అంది కొడుకుతో.

పాదాలు మానడానికి చాలా రోజులు పట్టింది, నడక ఇంకా ఆలస్యమైంది. ఇప్పుడు వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వస్తోంది. మా ఆయన బ్యాటరీని మెకానిక్ దగ్గరికే తీసుకుపోతున్నాడు. దవాఖానలో ఆడిన అబద్ధం గురించి మాత్రం ఆమెతో మాట్లాడలేకపోయాను.

మొన్న పక్క గల్లీలో బట్టలు కుట్టే ఆమె ఇంటికి జాకెట్ కోసం వెళ్లాను. మెట్ల కింద ఎలక్ట్రిక్ బండికి ఛార్జింగ్ పెట్టి ఉంది, పక్కనే బట్టల ముక్కల కుప్ప. బండిని అక్కడి నుంచి తియ్యమన్నాను.

"ఏం గాదక్కా, రోజూ పెడ్తనే ఉన్నం" అంది నవ్వుతూ.

అప్పుడు చెప్పాను. వాసన వస్తోందంటే పట్టించుకోకపోవడం, పిలిస్తే లేవకపోవడం, ఆ తర్వాత వినబడలేదనడం, అన్నీ. ఆమె మిషన్ ఆపి విన్నది. లేచి స్విచ్ కట్టేసి, బండిని వాకిట్లోకి నెట్టింది. నిన్న ముసురు పడుతుంటే ఆమె ఇంటి ముందు నుంచి వస్తూ చూశాను. బండి మళ్లీ మెట్ల కిందే ఉంది, ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. గేటు తీసుకుని లోపలికి వెళ్లాను.