ఎబినేజర్ వాపసు ఇవ్వని గిన్నె

మా చిల్కానగర్ గల్లీలో ఎవరింటికైనా కూర పంపితే గిన్నె ఎప్పుడు తిరిగొస్తుందో దేవుడికే ఎరుక. నా స్టీలు గిన్నెలు కొన్ని బోడుప్పల్ దాకా వెళ్లి అక్కడే కాపురాలు పెట్టాయి. ఒక్క ఎబినేజర్ ఇంటికి వెళ్లిన గిన్నె మాత్రం మర్నాటికల్లా ఇంట్లో ఉండేది, అదీ నిండుగా. గోంగూర పంపితే బోటికూర వచ్చేది. వండిందేమీ లేని రోజున అందులో ఇంత చక్కెరైనా పోసి పంపేవాడు. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మా గల్లీలో అందరికీ తెలుసు. అందుకే మేం అసలు గిన్నే తిరిగివ్వం. ఆ ఆచారాన్ని సగంలో ఆపకుండా చివరిదాకా పాటించినవాడు ఎబినేజర్ ఒక్కడే.

జనగామ వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చి నాచారంలో ఒక కార్ఖానాలో పనిచేశాడు. అది మూతపడ్డాక ట్రాలీ ఆటో కొనుక్కుని నాచారం, చర్లపల్లి మధ్య పైపులూ ప్లైవుడ్డూ మోసేవాడు. ఆదివారం చర్చిలో, మా సంఘంలో డోలక్ వాయించేవాడు. ఎవరైనా చాయ్ తాగిస్తే వాళ్లకు మిర్చి బజ్జీ తినిపించేదాకా నిద్రపోడు. "ఎవ్వని ముంగట చెయ్యి చాపలే పెద్దమ్మా" అనేవాడు నాతో. ఆటో వెనక పెద్ద అక్షరాలతో "ఎవ్వరికీ బాకీ లేదు" అని రాయించాడు. ఆ ఆటో ఫైనాన్సు మీద కొన్నదే అన్న సంగతి వేరు.

వానాకాలం మొదట్లో ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఏదో తిని కడుపు పాడు చేసుకున్నాడు. అది తగ్గింది. తగ్గిన కొద్ది రోజులకు అరికాళ్లలో చీమలు పాకుతున్నాయన్నాడు. ఆ తర్వాత నాచారం సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు ఉందో లేదో తెలియక ఆటోను పక్కకు ఆపేశాడు. మర్నాడు మంచం మీంచి లేవబోయి కూలబడ్డాడు.

మా గల్లీలో దవాఖానా లేదు గానీ డాక్టర్లకు కొదవ లేదు. చక్కెర జబ్బని ఒకరు, నడుము జారిందని ఒకరు, ఎవరో చేతబడి చేశారని ఇంకొకరు తేల్చారు. ఎబినేజర్ భార్య మరియా తమ్ముడు శాంసన్ మాత్రం "బావ ఇల్లు వాస్తుకు లేదు" అన్నాడు. శాంసన్ బోడుప్పల్‌లో ప్లాట్లు అమ్మిస్తాడు. చెరువులో ఉన్న ప్లాటును కూడా ఈశాన్యం బాగుందని అంటగట్టగలడు. చేతులు కూడా బరువెక్కుతున్నాయని ఎబినేజర్ అనగానే ఈ డాక్టర్లందరినీ పక్కకు నెట్టి ఆటోస్టాండు బిక్షపతిని పిలిచాను. అతనే ఎబినేజర్ ఆటోలో ఎబినేజర్‌ని పెద్ద దవాఖానాలో చేర్చాడు.

అక్కడి నరాల డాక్టరమ్మ పేరు నీరజ. అందరూ ఆమె మొహం చూసి తలలూపుతున్నారు. నాకు అర్థం కానిదానికి తల ఊపడం రాదు.

"అమ్మా, జర మాకు సమజయ్యేటట్టు చెప్పు. గీన కాళ్లకేమైంది?"

"మన ఒంట్లో జబ్బుతో కొట్లాడే కాపలా ఒకటి ఉంటది కదమ్మా. ఈయన కడుపులో జొరబడ్డ క్రిమిని తరుముతూ తరుముతూ ఆ కాపలా ఇప్పుడు ఈయన నరాల మీదనే పడ్డది."

"మా ఎదురుంగ అపార్టుమెంటు వాచ్‌మన్ లెక్క అన్నట్టు. దొంగలొస్తే గురక పెడతడు, ఇంటోళ్లొస్తే ఎవల్రా అని కట్టె తీస్తడు."

డాక్టరమ్మ నవ్వింది. "అంతే. దీనికి ఇమ్యునోగ్లోబులిన్ అని మందుంది. వేల మంది ఇచ్చిన రక్తంలోని తేటను పోగేసి, అందులోంచి కాపలా సరుకును వేరు చేసి సీసాల్లో నింపుతారు. అది నరంలోకి ఎక్కిస్తే ఈయన కాపలా శాంతిస్తది."

"అంటే ఊరందరి వాచ్‌మన్లొచ్చి మనోని చేతుల కట్టె గుంజుకుంటరు. మంచిదే. ఎన్ని సీసాలమ్మా?"

"అది మనిషి బరువును బట్టి."

ఎబినేజర్‌ది ఎనభై కిలోలు దాటిన ఒళ్లు. సీసాల లెక్కా, ఒక్కో సీసా ధరా చెప్పేసరికి మరియా గోడకు ఆనుకుంది. శాంసన్ మాత్రం బేరానికి దిగాడు.

"మేడమ్, తూసినప్పుడు బావ బెల్టు తియ్యలే. జేబుల ఆటో తాళాలున్నయి. మళ్లొక్కసారి తూయున్రి."

"తాళాలకు సీసా తగ్గదండీ."

"పోనీ రెండు దినాలు గంజి మీద ఉంచి తూస్తే?"

"రెండు రోజులు ఆగితే జబ్బు ఊపిరి నరాల దాకా పోవచ్చు. అప్పుడు గంజి కూడా మింగలేడు."

శాంసన్ నోరు మూతపడటం నేను చూడటం అదే మొదలు. మరియా మాత్రం నా భుజం మీద పడి ఏడ్చింది. "క్రిస్మస్‌కని, ఈస్టర్‌కని, మందింట్ల పెండ్లిలని బిర్యానీ పెట్టి పెట్టి నేనే సీసాలు పెంచిన పెద్దమ్మా!"

సర్కారు కార్డు పెట్టాం. ఈ మందుకు మంజూరు వస్తుందో రాదో తేలడానికి సమయం పడుతుందని కౌంటర్లో ఆవిడ చెప్పింది. జబ్బుకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఇక మిగిలింది ఆటో. అది అమ్మితే సగం సీసాలు కూడా రావు. అయినా మా శాంసన్ చురుకైనవాడు, అప్పటికే చర్లపల్లి వైపు ఒక పార్టీని పట్టి టోకెన్ కూడా తీసుకున్నాడు.

"ఆటో అమ్మినంక కాళ్లొస్తే ఏం తొక్కాలె బామ్మర్ది? నీ తలకాయనా?" అన్నాడు ఎబినేజర్ మంచం మీంచి. గొంతు అప్పటికే పలచబడింది. తర్వాత నా వైపు తిరిగాడు. "అసలు వేల మందిది నా ఒంట్ల పోస్తరంట గద పెద్దమ్మా. వాళ్లెవరో తెల్వది. ఎట్ల వాపసియ్యాలె?"

"పీకల మీదికొచ్చినా నీకు లెక్కలేనా? ముందుగాల లేసి నిలబడు, వాపసు సంగతి అవతల."

ఆ సాయంత్రం మా ఎదురు అపార్టుమెంటులో ఉండే ఉమామహేశ్వర్ సారు దగ్గరికి వెళ్లాను. పెద్ద పరిశోధనా సంస్థలో పనిచేసి రిటైరయ్యాడు. పాత క్యాలెండరు వెనక బాణాలూ గుండ్రాలూ గీసి గంటసేపు చెప్పాడు. ఆయనకు చాలా తెలుసని మాత్రం నాకు బాగా తెలిసింది. చివరికి లేస్తుంటే ఒక మాటన్నాడు. "ఇది కెమికల్ కాదమ్మా, మనుషుల నుంచే తయారవుతుంది. దాతలు లేకపోతే మందే లేదు."

నా బుర్రలో బల్బు వెలిగింది. మా కోడలి కాన్పుకు రక్తం కావాలన్నప్పుడు బ్లడ్ బ్యాంకు వాళ్లు ఏమన్నారు? ఒక మనిషిని తెచ్చి రక్తం ఇప్పించండి, ఒక సంచి పట్టుకుపోండి అన్నారు. ఈ ఊళ్లో ఆపరేషన్ చూసిన ప్రతి ఇంటికీ తెలిసిన పద్ధతి అది. మరి ఈ సీసా కూడా మనుషుల నుంచే వచ్చేదైతే మనిషికో సీసా ఎందుకివ్వరు?

మర్నాడు ఆదివారం. సంఘంలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను.

"వందనాలు. ఎబినేజర్ మందు మనుషుల రక్తం నుంచి తీస్తరంట. మనం పోయి రక్తమిస్తే మనిషికో సీసా ఇస్తరు. డోలక్ లేక ఇయ్యాల పాటలెట్ల సచ్చినయో విన్నరు గద. లేవున్రి."

"ఆమెన్" అన్నవాళ్లు చాలామంది. లేచినవాళ్లు తక్కువ. మాది నీళ్లలో ముంచే బాప్తిస్మం, పక్క గల్లీ సంఘానిది చిలకరించే బాప్తిస్మం. మాకూ వాళ్లకూ పడదు. అయినా కబురందగానే వాళ్లే ముందు వచ్చారు. ఆటోస్టాండు నుంచి కొందరు దిగారు. ఉమామహేశ్వర్ సారు భార్య తారామణి నన్ను పక్కకు పిలిచింది.

"ఏమండీ, ఆ సీసాల్లో శాకాహారులవి విడిగా ఉంటాయా?"

"ఉండవమ్మా. అన్నీ ఒక్క గంగాళంలనే."

"అయ్యో!" అంది. అయినా చెప్పులేసుకుని వచ్చి ఎక్కింది.

ఎక్కింది వేరే బండి కాదు, ఎబినేజర్ ట్రాలీ ఆటోనే. బిక్షపతి నడిపాడు. వెనక "ఎవ్వరికీ బాకీ లేదు" అన్న అక్షరాలు, పైన రక్తం అప్పివ్వడానికి కిక్కిరిసి నిలబడ్డ జనం. ఉప్పల్ చౌరస్తాలో పోలీసాయన ఆపాడు.

"సామాన్ల బండిల మనుషులేంది? ఏం లోడు ఇది?"

"రక్తం సార్, ఇంక తియ్యలే" అన్నాడు బిక్షపతి. పోలీసాయన కాసేపు ఆలోచించి, దీనికి ఏ చలానా రాయాలో తెలియక పొమ్మన్నాడు.

దవాఖానాలో డాక్టరమ్మ మా గుంపును చూసి, నా మాట విని, నెత్తికి చెయ్యి పెట్టుకుంది.

"అమ్మా, పత్తి పట్టుకొచ్చి చీర ఇయ్యమన్నట్టుంది మీ సంగతి! అది తయారు కావాలంటే ఫ్యాక్టరీలో నెలలు పడతది. ఇక్కడ రక్తమిస్తే ఆ సీసాలు రావు."

శాంసన్ ఫోను తీసి చర్లపల్లి పార్టీకి కలపబోయాడు. మరియా నేల చూస్తోంది. డాక్టరమ్మ మాత్రం వెళ్లిపోకుండా మా తలకాయలు లెక్కబెట్టింది.

"వీళ్లంతా నిజంగా రక్తమిస్తరా?"

"ఇయ్యకుంటే ఇంత ఎండల ఊరేగనీకి వచ్చినమా?"

"అయితే ఇంకో దారి ఉంది. బయటి కాపలాను తెచ్చి పోసే బదులు, ఈయన రక్తంలోని చెడ్డ తేటనే మిషన్‌తో తీసేసి దాని జాగాలో వేరేవాళ్ల తేట పోస్తాం. జబ్బు మొదట్లో చేస్తే ఈయన జబ్బుకు అదీ ఇదీ దాదాపు ఒక్కలాగే పనిచేస్తయి. ఖర్చు చాలా తక్కువ, ఆటో అమ్మక్కర్లేదు. కానీ సంచులకు సంచులు తేట కావాలె. అన్ని సంచులంటే మా బ్లడ్ బ్యాంకు దాతలను తెమ్మంటది. ఒక్క దాతను తెమ్మంటేనే చుట్టాలు ఫోన్లు బంద్ చేసుకుంటరు. అందుకే ఆ మాట ఎత్తలేదు."

మా దగ్గర లక్షలు ఉంటాయని నమ్మింది గానీ మనుషులు ఉంటారని నమ్మలేదు, చూడండి! ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె కోప్పడలేదు. "ఈసారి నుంచి ముందు అడుగుతానమ్మా" అంది.

ఇక అసలు తమాషా బ్లడ్ బ్యాంకులో జరిగింది. చొక్కా చెయ్యి మడిచి ఫోటో దిగి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాకే వరసలో మొదట నిలబడ్డాడు శాంసన్. సూదిని చూడగానే బీపీ మీటరు కొసకు పోయింది, పక్కన కూర్చోబెట్టారు. మా పాస్టరయ్యకు సూదిమందు వేసుకునే చక్కెర, కుదరదన్నారు. ఉమామహేశ్వర్ సారు స్కూటర్ మీద వచ్చాడు గానీ వయసు దాటిందన్నారు. ఆయన వాళ్లకు కూడా క్యాలెండరు పాఠం మొదలుపెట్టబోతే తారామణి చెయ్యి పట్టి ఆపి, తను వెళ్లి పడుకుని నిశ్శబ్దంగా రక్తమిచ్చి వచ్చింది. ఆమెన్ గట్టిగా అన్న ఆడవాళ్లలో సగం మందికి రక్తం చాలదన్నారు. బిక్షపతి రాత్రి తాగాడని రేపు రమ్మన్నారు. ఆ సాయంత్రం అతను మానేశాడు. ఇంత గొడవలో నిజమైన అద్భుతం అదేనని వాళ్లావిడ ఇప్పటికీ అంటుంది. అందరికంటే ఎక్కువమంది ఇచ్చింది చిలకరింపు సంఘం వాళ్లే. మరుసటి ఆదివారం మా పాస్టరయ్య ప్రసంగంలో ఆ ముక్క లేదు.

మిషన్ పెట్టే ముందు ఎబినేజర్ నన్ను పిలిపించాడు.

"ఎవరెవరిచ్చిన్రు పెద్దమ్మా?"

పేర్లన్నీ చెప్పాను. "కానీ వీళ్లదే నీకు రాదు బిడ్డా. గ్రూపు చూసి బ్యాంకుల ఉన్న వేరేటోళ్లది పోస్తరు. వీళ్లది ఇంకెవలకో పోతది."

"మరి నాకిచ్చినోళ్లెవరు?"

"ఎవలకెరుక?"

"మరి గిన్నె ఎవలకు పంపాలె?"

"ఎవలకూ లేదు. మూసుకొని చెయ్యి ఇయ్యి."

చెయ్యి లేపడం అప్పటికే అతనికి చేతకాదు. నర్సమ్మే ఎత్తి పట్టుకుంది. కళ్లు మూసుకుని పడుకున్నాడు.

రోజు విడిచి రోజు ఆ మిషన్ కడుగుడు నడిచింది. మొదట ఊపిరి భయం పోయింది. తర్వాత ఒకనాడు మరియా "బొటనవేలు కదిలింది!" అని వార్డంతా వినిపించేలా అరిచింది. ఇల్లు చేరాక కూడా నెలల తరబడి నడక నేర్చుకున్నాడు. ముందు వాకరు, తర్వాత గోడ, ఆ తర్వాత శాంసన్ భుజం. చర్లపల్లి పార్టీ టోకెన్ వాపసు కోసం వచ్చి గేటు దగ్గర కూర్చున్న రోజున శాంసన్ కనిపించకుండా పోయేసరికి, ఎబినేజర్ తప్పక సొంతంగా నడిచాడు. చలికాలం పోయేసరికి బ్రేకు తొక్కాడు.

కాళ్లొచ్చాక చేసిన మొదటి పని దవాఖానాకు పోయి "నా రక్తం తీసుకోన్రి" అనడం. ఈ జబ్బు వచ్చినవాళ్ల రక్తం వద్దని చెప్పి పంపేశారు. ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఆటో వెనక అక్షరాలు చెరిపించేశాడు. ఇప్పుడక్కడ ఏమీ లేదు, ఉత్త నీలం రంగు.

అతను ఇల్లు చేరిన రోజున నేను చుక్కకూర పప్పు పంపాను. మర్నాడు గిన్నె రాలేదు. నెల గడిచినా రాలేదు. ఎబినేజర్ ఇంటి నుంచి గిన్నె రాకపోవడమంటే సూర్యుడు రాకపోవడమే, ఉండబట్టలేక వెళ్లాను. గిన్నె కడిగి, అరమరలో బోర్లించి ఉంది.

"ఏంది ఎబినేజరూ, నా గిన్నె?"

"నింపనీకి ఏం సమజైతలేదు పెద్దమ్మా" అన్నాడు తల దించుకుని. "ఏం పోద్దామన్నా తక్కువే అనిపిస్తది."

"అయితే ఉండనీ."

మర్నాడు ఇంకో గిన్నెలో దొండకాయ వేపుడు పంపాను. అదీ ఉంచేసుకున్నాడు. అన్నేళ్లు మా మధ్య ఉన్నా, మా గల్లీ మనిషి అయ్యింది మాత్రం ఇప్పుడే.