సగం బకెట్టు

సూర్యాపేటలో పెళ్లి బారాత్‌లకు గుర్రాన్ని తిప్పే ఒకాయన, తన ముసలి ఆడగుర్రాన్ని కోదాడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో కట్టేసి వెళ్లాడు. నేను పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాణ్ణి. దాని పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. పెళ్లివాళ్లు ఫోన్లలో వీడియోలు తీసి తిడుతున్నారట. శ్రావణం ముహూర్తాల నాటికి ఒళ్లు చేస్తే తీసుకుపోతానన్నాడు.

గుర్రం వచ్చిందనగానే వాడకట్టంతా డాక్టర్లైపోయారు. గుర్రానికి ఉలవలే పెట్టాలంటూ ఒకరి తర్వాత ఒకరు తెచ్చి దాని ముందు పోశారు. అది నోట్లో వేసుకుని, కాసేపు నమిలినట్టు చేసి, ఉండలుగా కింద రాల్చేది. కొవ్వెక్కి తినడం లేదన్నారు. ఎముకల గూడుకు కొవ్వెక్కడిదయ్యా అని కసిరాను. నోరు తెరిచి చూస్తే దవడ పళ్లు అరిగిపోయి నున్నగా ఉన్నాయి.

ఆ రోజు నుంచి ఉలవలు మెత్తగా ఉడకబెట్టి, మిర్యాలగూడ మిల్లు నుంచి తెప్పించిన తవుడు కొంచెం కలిపి, జావలా చేసి పెట్టాను. పచ్చగడ్డి సన్నగా తరిగి వేశాను. నా భార్య పోయాక నా ఒక్కడి కోసం పొయ్యి వెలిగించడానికి బద్ధకించినవాణ్ణి, దాని కోసం తెల్లవారకముందే లేచేవాణ్ణి. ఉలవలు దించాక అదే పొయ్యి మీద నాకూ ఇంత అన్నం ఉడికేది. బకెట్టు చప్పుడు వినగానే అది సకిలించేది. ఆ ఇంట్లో నా అడుగుల చప్పుడుకు పలికే ప్రాణి ఇంకొకటి లేదు.

ప్రతి ఆదివారం దాని ఛాతీ చుట్టూ తాడు చుట్టి, కొలతకు ముడి వేసేవాణ్ణి. నెల తిరిగేసరికి ముడి నాలుగు వేళ్లు జరిగింది. గర్వపడ్డాను. ఇంకో నెలకు ఎముకలు కనిపించకుండా పోయేసరికి భయం పట్టుకుంది. ఒళ్లు చేస్తే అది వెళ్లిపోతుంది. మొదటి రోజే ఆయన చెప్పినా, ఆ సంగతి అప్పటిదాకా నా తలకెక్కలేదు.

పదిహేను రోజుల్లో వస్తానని ఆయన ఫోన్ చేసిన రోజు నుంచి సగం బకెట్టే పెట్టాను. అది అడుగంతా నాకి, నావైపు చూసి, మళ్లీ నాకేది. నేను ముఖం తిప్పుకుని లోపలికి వచ్చేవాణ్ణి. దవాఖానలో ఉన్నన్నాళ్లూ, పశువును పస్తు పెట్టినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టిన మనిషిని నేను.

ఆయన వచ్చి దాని పక్కల మీద చెయ్యి వేసి తడిమి చూశాడు. ఎముకలు మళ్లీ చేతికి తగులుతున్నాయి.

"మస్తు కష్టపడ్డరు సార్. దీనికే తిండి ఒంటవడ్తలేదు. మీ తప్పేం లేదు," అన్నాడు. "ఇగ ఇది బారాత్‌కు పనికిరాదు. మీకు ఇబ్బంది లేకుంటె గీడనే ఉండనియ్యిన్రి."

ఇబ్బందేం లేదన్నాను. వెళ్లే ముందు ఆయన దాని మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చాడు. ఇంటి దగ్గర తనకూ ఎవరూ లేరని, ఇన్నేళ్లు దీనితోనే మాట్లాడుకున్నానని చెప్పాడు. సగం బకెట్టే పెట్టానని అప్పుడైనా నేను చెప్పలేదు.

ఆయన వెళ్లాక బకెట్టు నిండా కలిపి పెట్టాను. అది తల ఎత్తకుండా ఆబగా తిన్నది. దాని పక్కన నిలబడడానికి నాకు సిగ్గేసింది.